ఏడు దీవుల సారు

మొన్న ఆదివారం కిషోర్ వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. వాళ్ళమ్మాయి ఆద్య, ఐదేళ్ళది, వంటింట్లో స్టూలెక్కి సింకు నిండా నీళ్ళు పట్టుకుని ఆడుకుంటోంది. నీళ్ళ మీద ఒక తెల్లటి రాయి తేలుతోంది. పిల్ల దాన్ని వేలితో ముంచుతుంది, అది మళ్ళీ పైకి లేస్తుంది. గుప్పెడంత రాయి, ఒళ్ళంతా చిల్లులు. చూడగానే గుర్తుపట్టాను. డబ్లిన్ శివారు క్లాండాల్కిన్‌లో మేమందరం కలిసి ఉన్న ఇంట్లో, బాత్‌రూమ్ కిటికీ గట్టు మీద ఉండేది అది. వీళ్ళు ఇల్లు కొనుక్కుని మారినప్పుడు ఏ డబ్బాలో పడి వచ్చిందో, ఇన్నాళ్ళూ ఏ అలమరలో మూలకి పడి ఉందో తెలియదు.

ఆ రాయి ఇచ్చినాయన గురించి రాయాలి. పేరు రాయను. ఆయన పోయిన రోజున ఆ పేరు పక్కన దణ్ణం పెట్టే బొమ్మలు పెట్టి ఈ ఊళ్ళో తెలుగువాళ్ళందరూ వాట్సాప్‌లో తిప్పారు. ఆ బొమ్మలు పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. అప్పుడు వాడుకున్నది చాలు. ఇంట్లో మేం ఆయన్ని సారు అనేవాళ్ళం, ఇక్కడా అంతే.

సారుది కొత్తగూడెం. వాళ్ళ నాన్న బొగ్గు గనిలో పనిచేసి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో నింపుకుని పోయాడట. సారు జియాలజీ చదివి, అక్కడే ఏదో కాలేజీలో పాఠాలు చెప్పి, నలభై దాటాక పిహెచ్‌డీ చేస్తానని డబ్లిన్ వచ్చాడు. సిసిలీకి ఉత్తరాన సముద్రంలో ఉన్న ఏడు చిన్న అగ్నిపర్వతపు దీవులు ఆయన పరిశోధన. పాత గ్రీకుల గాలిదేవుడి పేరు పెట్టారు వాటికి. ఒక్క వేసవి ఆరు వారాలు అక్కడ తిరిగి రాళ్ళు ఏరుకొచ్చాడు. తర్వాత గైడు వేరే దేశం వెళ్ళిపోయాడు, చదువు నడిమధ్యలో ఆగింది. నాకు పరిచయమయ్యేసరికి ఆయన ఒక వేర్‌హౌస్‌లో అట్టపెట్టెలు సర్దుతున్నాడు. పెళ్ళయిందా, పిల్లలున్నారా అని నాలుగేళ్ళలో నేను ఒక్కసారీ అడగలేదు. దీవుల గురించి మాత్రం అడగక్కర్లేకుండానే చెప్పేవాడు.

అన్నంతో చెప్పేవాడు. పప్పు కలపకముందే కంచంలో ఏడు చిన్న ముద్దలు చేసి పంగలకర్ర ఆకారంలో పేర్చేవాడు. కాడకి మూడు: అడుగున వుల్కానో, దాని మీద లిపారి, ఆ పైన సలీనా. అక్కణ్ణుంచి రెండు కొమ్మలు. పడమటి వైపు ఫిలికూడి, అలికూడి. ఈశాన్యానికి పనరేయా, స్ట్రాంబోలి. వద్దన్నా మా అందరికీ కంఠతా వచ్చేశాయి. తినడానికీ ఒక వరస ఉండేది. ముందు వుల్కానో. "గంధకం కంపురా ఇది, ముందుగాల దీని పని పట్టాలె" అనేవాడు. పనరేయా ముద్దలో ఆవకాయ దట్టించేవాడు, అది డబ్బున్నవాళ్ళు పడవలేసుకుని వచ్చే దీవి కాబట్టి. ఆఖరి ముద్ద ఎప్పుడూ అలికూడి. అక్కడ కార్లు లేవట, రోడ్లు లేవట. రేవు దగ్గర్నుంచి కొండ పైదాకా రాతిమెట్లు, బరువులు మొయ్యడానికి గాడిదలు.

"రిటైరయినంక ఆడనే ఉంట. మోకాళ్ళు మంచిగుంటే."

"అక్కడ తెలుగువాళ్ళెవరూ ఉండరు కదా సార్" అన్నాడు కిషోర్ ఒకసారి.

"అందుకేరా" అన్నాడు సారు, ఆ ముద్ద నోట్లో పెట్టుకుంటూ. అందరం నవ్వాం. ఆ మాట మమ్మల్నే అన్నాడేమోనని అప్పుడు ఎవరికీ తోచలేదు.

మా ఇంటి గ్యాస్ బాయిలర్ అరగంటకోసారి 'ఢబ్' మనేది. కొత్తగా పెళ్ళయి వచ్చిన లావణ్య, కిషోర్ భార్య, మొదటి వారం ఆ చప్పుడుకి ఉలిక్కిపడుతూనే ఉండేది. సారు ఆమెను కూర్చోబెట్టి స్ట్రాంబోలి గురించి చెప్పాడు. ఆ కొండ పావుగంటకో, ఇరవై నిమిషాలకో నిప్పులు చిమ్ముతుందట, వేల ఏళ్ళుగా. దాని కిందే జనం ఉల్లిపాయలు తరుక్కుంటూ ఉంటారట. "చప్పుడు చేసినంతసేపు భయం లేదు బిడ్డా. చప్పుడు ఆగితే అప్పుడు ఆలోచించాలె." ఆ తర్వాత బాయిలర్ ఢబ్ మన్నప్పుడల్లా లావణ్యే "స్ట్రాంబోలి బాగానే ఉంది సార్" అని మేడ మీదికి కేకేసేది.

అసలు ఆ ఇల్లు మాకు దొరికిందే సారు వల్ల. డబ్లిన్‌లో అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్ళడమంటే ఏమిటో ఇక్కడున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. వాకిలి నుంచి వీధి చివరిదాకా వరస. మేం ఆ వరసలో ఇరవయ్యో వాళ్ళమో ముప్పయ్యో వాళ్ళమో. మిగతావాళ్ళు గదులు కొలుస్తుంటే సారు వెనక పెరట్లోకి పోయి ప్రహరీగోడ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఓనరు పెద్దాయన ఏమిటన్నట్టు చూశాడు. ఇది ఇక్కడి పాత క్వారీల నల్ల సున్నపురాయి, ఈ ఊరి పాత గోడలన్నీ దీనితోనే కట్టారు, అన్నాడు సారు. ఆ ముసలాయన తండ్రి క్వారీలో రాళ్ళు కొట్టినవాడట. ఇద్దరూ గోడ దగ్గరే ముప్పావుగంట నిలబడ్డారు. మర్నాడు ఇల్లు మాకే అని ఫోనొచ్చింది. లీజు దగ్గరికి వచ్చేసరికి, "నాది వేర్‌హౌస్ కొలువు, ఎన్నడుంటదో ఎన్నడు పోతదో. నీది శాండీఫోర్డ్‌ల పెద్దాఫీసు, నీ పేరు పెట్టు తమ్మీ" అన్నాడు సారే. నా పేరు, కిషోర్ పేరు పెట్టాం. ఆయన పేరు పెట్టలేదు. ఏరు దాటాక తెప్ప తగలెయ్యడానికి వీలుగా, తెప్పే తన పేరు తనే కొట్టేసుకుంది.

ఆయన గదిలో కిటికీ దగ్గర చెక్క పలక మీద ఏడు రాళ్ళుండేవి, దీవికొకటి. లిపారిది నల్లగా గాజులా మెరిసేది. ఇనుము, కంచు తెలియని రోజుల్లో ఆ గాజురాయితోనే కత్తులు చేసుకునేవారట, పడవల మీద ఎక్కడెక్కడికో అమ్మేవారట. నేను అంచు మీద వేలు పెడితే కోసుకుంది. సారు పసుపు అద్దుతూ, "ఆరువేల ఏండ్ల కింద కూడా నీ అసొంటోడొకడు గిట్లనే ముట్టుకొని ఉంటడు" అన్నాడు. వుల్కానో రాయి ఇంకా గంధకం వాసన వేసేది. లిపారిదే ఇంకోటి విడిగా ఉండేది, ఎనిమిదోది. తెల్లది, తేలేది. ఆ దీవిలో ఒక కొండ కొండంతా ఆ రాయేనట. దాన్ని తవ్వినవాళ్ళ ఊపిరితిత్తుల్లో కూడా దుమ్మే మిగిలిందట. ఆ సంగతి చెప్పినప్పుడు సారు దీవుల దగ్గర ఆగకుండా కొత్తగూడెం వచ్చేవాడు. రాయి తెల్లదైనా నల్లదైనా దగ్గు ఒక్కటే అనేవాడు.

దీవుల చరిత్రంతా ఆయన లెక్కలో ఒకటే కథ, ఎవరు ఎవర్ని వెళ్ళగొట్టారన్నది. సముద్రపు దొంగలొచ్చి లిపారి ఊరు ఊరంతా బానిసలుగా ఓడలకెక్కించుకుపోయారు. మళ్ళీ ఎక్కడెక్కడి వాళ్ళనో తెచ్చి నింపారు. ద్రాక్షతోటలకు తెగులు తగిలి సలీనా వాళ్ళు ఆస్ట్రేలియా పోయారు. ఫాసిస్టుల కాలంలో ఎదురు మాట్లాడినవాళ్ళను పట్టుకొచ్చి లిపారిలో దించేవారు. సంకెళ్ళుండవు, తిరగొచ్చు, కాని గీత దాటకూడదు, పొద్దున్నే హాజరు పలకాలి. ఇవన్నీ చెప్పి చివరికి ఫిలికూడి దగ్గరికి వచ్చేవాడు. అది ఆయనకు ఇష్టమైన కథ, నేను పదిసార్లు విని ఉంటాను.

"యాభై ఏండ్ల కింద సర్కారు మాఫియా పెద్దమనుషుల్ని తెచ్చి ఫిలికూడిల పెట్టింది, ఈడ ఉండున్రి అని. ఊరోళ్ళకు అది నచ్చలె. ఏం జేసిన్రు? కొట్టలె, తిట్టలె. దుకాణాలు మూసిన్రు, ఇండ్లకు తాళాలేసిన్రు, ముసలోళ్ళు, పిల్లలు అందరు పడవెక్కి పోయిన్రు. దీవి మీద ఇగ మాఫియోళ్ళు, పోలీసోళ్ళే. వండిపెట్టేటోడు లేడు, రొట్టె అమ్మేటోడు లేడు. సర్కారే తలొంచి వాళ్ళని తీస్కపోయింది."

"మీరు ఆ ఊళ్ళో ఉంటే ఏం చేసేవాళ్ళు సార్?"

"నేనా? పోలీసోళ్ళకు పప్పుచారు కాచి పోస్తుంటి. పాపం, వాళ్ళేం జేసిన్రు."

లావణ్యకు నెల తప్పింది రెండువేల పంతొమ్మిది దసరాకి, అంటే కరోనా అనే మాట ఇంకా ఎవరి నోటా రాని రోజుల్లో. వేవిళ్ళకి ఏదీ ఇమిడేది కాదు. గోంగూర కావాలని ఏడ్చేది. ఇక్కడ ఆకు దొరకని వారం అది. సారు టౌన్‌లో ఒక ఇటలీ కొట్టుకి పోయి చిన్న సీసా తెచ్చాడు. ఉప్పులో ఊరేసిన ఆకుపచ్చ మొగ్గలు, శనగగింజంతవి. కేపర్లంటారట, సలీనా గోడల సందుల్లో మొలిచే మొక్కవట. వాటిని మూడుసార్లు నీళ్ళలో నానబెట్టి పిండి, పచ్చిమిర్చి, వెల్లుల్లి వేసి నూరి, ఇంగువ పోపు పెట్టాడు. లావణ్య మొదటి ముద్ద అనుమానంగా తింది, తర్వాత గిన్నె నాకింది. "ఏం వరసవుతుంది సార్ ఇది గోంగూరకి?" అంటే, "మేనత్త కూతురు" అన్నాడు. ఆ మూడు నెలలూ ఆ పచ్చడే ఆమెను నిలబెట్టింది. ఆమె కాళ్ళు పగిలితే ఆ తేలే రాయి తెచ్చి బాత్‌రూమ్‌లో పెట్టిందీ ఆయనే. సీమంతం గురించి మాట్లాడుకున్నప్పుడు, పెద్దవాళ్ళు ఇండియా నుంచి రాలేకపోతే అక్షింతలు సార్ వెయ్యాలని లావణ్యే అంది. సారు తలొంచుకుని, "నా దగ్గర మంచి పంచె ఉన్నది" అన్నాడు. ఆయన సిగ్గుపడగా నేను చూసింది అదొక్కసారే. ఆ మే నెల చివర్లో అలికూడి వెళ్ళిరావడానికి విమానం టికెట్ కూడా తీసుకున్నాడు, ఇన్నేళ్ళకు.

మార్చిలో అన్నీ మూతపడ్డాయి. విమానమూ రద్దయింది. నేనూ కిషోరూ లాప్‌టాప్‌లు ఇంటికి తెచ్చుకున్నాం. ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు దాటి పోకూడదు. సారు పని మాత్రం ఆగలేదు. మాలాంటివాళ్ళు ఇంట్లో కూచుని నొక్కిన ఆర్డర్లన్నీ ఆయన చేతుల మీదుగా పోవాలి కదా. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపితే చూపించడానికి ఒక లెటరు జేబులో పెట్టుకుని రోజూ పొద్దున్నే నడిచి వెళ్ళేవాడు.

మేం రూల్స్ పెట్టాం. సారు వెనక గుమ్మం నుంచి రావాలి. పెరట్లో షెడ్డులో బట్టలు మార్చుకోవాలి. వంటింట్లోకి మేం తిని వెళ్ళిపోయాక రావాలి. కంచం, గ్లాసు వేరు. ఆయన షెడ్డుకి వుల్కానో అని పేరు పెట్టాడు. పొద్దున్నే మెట్ల మీద నుంచి "హాజర్" అని పిలిచి పనికి పోయేవాడు, లిపారి ఖైదీల్లాగా. మేం నవ్వేవాళ్ళం. నవ్వితే తప్పు సగమవుతుందని మా లెక్క.

ఏప్రిల్లో ఆ వేర్‌హౌస్‌లో ఇద్దరికి పాజిటివ్ అని సారే వచ్చి చెప్పాడు. దాచి ఉంటే మాకు తెలిసేది కాదు. ఆ సాయంత్రం వంటింట్లో మేం ముగ్గురం కూర్చున్నాం. లావణ్య కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నాకు సార్ మీద ఏం లేదు" అంది. "ఆయన వచ్చే చోటు తల్చుకుంటేనే భయం. అమ్మ రోజూ ఫోన్లో ఏడుస్తోంది. జీపీ డాక్టర్ కూడా జాగ్రత్త అన్నారు కదా."

"కొన్నాళ్ళే కదా. డెలివరీ అయ్యేదాకా" అన్నాడు కిషోర్. "కార్లో టౌన్‌లో మన స్టూడెంట్ కుర్రాళ్ళ ఇంట్లో ఒక బెడ్ ఖాళీ అయిందంట, వాడెవడో ఇండియా వెళ్ళిపోయాడు. నేను కనుక్కున్నాను."

అప్పటికే కనుక్కున్నాడన్నమాట. కార్లో అంటే డబ్లిన్ నుంచి రైల్లో గంటకు పైగా పట్టే ఊరు. ఆమె భయం నిజమైన భయం, దాన్ని నేను ఇప్పుడూ తప్పుపట్టను. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలన్నదే మిగిలింది.

"లీజు నీ పేరు మీద ఉంది కదరా. నువ్వు చెప్తేనే బావుంటుంది" అన్నాడు కిషోర్.

అద్దెకున్నవాళ్ళను ఎవరినీ ఖాళీ చేయించకూడదని ప్రభుత్వం చెప్పిన రోజులవి. ఆ మాట ఓనర్లకు కదా, మనకెందుకనుకున్నాం. సారు పై గదిలో ఉన్నాడు, మధ్యలో పదమూడు మెట్లు. నేను ఆ మెట్లెక్కలేదు, ఫోన్లో మెసేజ్ రాశాను. ఇంగ్లీషులో రాశాను. తెలుగులో రాస్తే అందులో నా గొంతు నాకే వినిపించేది. పరిస్థితుల దృష్ట్యా, తాత్కాలికంగా, మీ ఆరోగ్యం కోసం కూడా, అని మర్యాదలన్నీ కుక్కాను. పైన ఆయన ఫోన్ టింగుమనడం కిందికి వినిపించింది.  తర్వాత జవాబొచ్చింది, సరే, బాగుంది అనడానికి ఈ దేశంలో అందరూ అన్నిటికీ అనే మాట. గ్రాండ్.

శనివారం పొద్దున ఒక సూట్‌కేసు, ఒక వీపు సంచితో కిందికి దిగాడు. మాస్క్ పెట్టుకుని ఉన్నాడు. లావణ్య తలుపు తియ్యలేదు, లోపల్నుంచే జాగ్రత్త సార్ అంది. నేను హాల్లో ఆరడుగుల దూరం కొలుచుకుని నిలబడ్డాను.

"రెండు కిలోమీటర్ల రూల్ లేకపోతే నేనే కారులో దింపేవాణ్ణి సార్" అన్నాను.

"నాకు లువాస్ ట్రాం ఉన్నది, రైలున్నది. లెటరున్నది."

మెట్ల మీద కూచుని బూట్ల లేసులు కట్టుకుంటూ, తల ఎత్తకుండానే, "ఫిలికూడోళ్ళు యాదికున్నరారా?" అన్నాడు.

"ఉన్నారు సార్."

"వాళ్ళకు నచ్చకపోతే వాళ్ళే పోయిన్రు."

అంతే అన్నాడు. రెండో బూటు లేసు కూడా మెల్లగా కట్టుకున్నాడు. లేచి, "తెల్లరాయి ఆడనే ఉంచిన, బిడ్డకు కాళ్ళు పగుల్తయి. బాయిలర్ చప్పుడు ఆగితే ఓనర్‌కు ఫోన్ జెయ్యి, మీరు విప్పకున్రి" అన్నాడు. సూట్‌కేసులో ఆ ఏడు రాళ్ళున్నట్టున్నాయి, చక్రాలు గచ్చు మీద గట్టిగా మోగాయి. వీధి మలుపు తిరిగేదాకా చూశాను. తర్వాత కిషోర్ వచ్చి తలుపు గొళ్ళేనికి శానిటైజర్ కొట్టాడు.

ఇప్పుడు చెప్పబోయేది మేం ఎవరికీ చెప్పని సంగతి. మే నెలలో లావణ్యకు తొమ్మిదో నెల వచ్చింది. వాళ్ళమ్మ ఫోన్లో పట్టుబట్టింది. తొలిచూలు పిల్ల, సీమంతం లేకుండా ఎలా, చేతినిండా గాజులు లేకుండా ఎలా, ఐదుగురు ముత్తైదువలన్నా రావాలి కదా. అందరూ మనవాళ్ళే, చుట్టుపక్కల వీధుల్లోవాళ్ళే అన్నాం. మనవాళ్ళకు కరోనా రాదని ఎవరూ పైకి అనలేదు కాని, మా నమ్మకం అదే. పెట్టెలు మోసే మనిషి దగ్గర ఉంటుంది, పట్టుచీర కట్టుకొచ్చిన మనిషి దగ్గర ఎందుకుంటుంది? ఐదుగురు ముత్తైదువలు, వాళ్ళను దింపడానికొచ్చిన మొగుళ్ళలో ముగ్గురు, మేం ముగ్గురం. హాల్లో పదకొండు మందిమి, కిటికీలు వేసుకుని, పక్కింటివాళ్ళకు వినపడకుండా పాట పాడారు.

వీడియోలో ఇండియా వాళ్ళని కలిపాం. సారుకి లింకు పంపింది లావణ్యే, మాటిచ్చాం కదా అని. ఆయన కార్లోలో ఏదో ఇరుకు గదిలో, బంకుబెడ్డు ముందు కూర్చుని కనిపించాడు. పంచె కట్టుకున్నాడు. కిషోర్ ఫోన్ పట్టుకుని హాలంతా తిప్పి చూపించాడు, అలవాటుకొద్దీ, అందరూ చేతులూపారు. అప్పుడు తట్టింది నాకు, సారు చూస్తున్నాడని. ఆయన ఒక్కొక్క మొహాన్నీ చూశాడు. ఎవరూ మాస్క్ పెట్టుకోలేదు. చెయ్యెత్తి ఫోన్‌కి ఇవతలున్న లావణ్య తల మీద అక్షింతలు వేసినట్టు వేళ్ళు విప్పాడు. చేతిలో నిజంగానే పసుపు బియ్యం ఉన్నాయి, స్క్రీను మీద రాలడం కనిపించింది.

"ఇల్లు కళకళలాడుతున్నది" అన్నాడు. "మంచిగుండు బిడ్డా." అని తనే కట్ చేశాడు.

వారం తిరక్కుండా కిషోర్‌కి జ్వరం వచ్చింది. మర్నాడు నాకు పోపు వాసన తెలియలేదు. లావణ్యకూ పాజిటివ్ వచ్చింది, అదృష్టం బాగుండి రెండు రోజుల దగ్గుతో పోయింది. జూన్‌లో ఆద్య పుట్టింది, ఏ లోపమూ లేకుండా. మేం జబ్బుపడ్డ సంగతి సారుకి చెప్పలేదు. పాప ఫోటో మాత్రం పంపాం. 'ఎనిమిదో దీవి' అని జవాబు రాశాడు.

ఆగస్టులో ఆయన ఫోన్ చేశాడు. అప్పటికి కార్లో దగ్గర ఒక మాంసం ఫ్యాక్టరీలో పనిలో కుదిరాడు, వేర్‌హౌస్ అంత దూరం రోజూ రాలేక మానేశాడు. ఫ్యాక్టరీలో అందరూ భుజాలు రాసుకుంటూ నిలబడి పనిచెయ్యాలట, చలిగదులట, చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో జబ్బు పాకుతోందట. గదిలో నలుగురట. ఇదంతా ఫిర్యాదులా కాదు, దీవి గురించి చెప్పినట్టే చెప్పాడు. ఆఖర్న అడిగాడు.

"డెలివరీ అయ్యేదాకా అన్నరు కదరా. ఇగ రావచ్చునా? పాత వేర్‌హౌస్‌ల మళ్ళ తీసుకుంటమన్నరు."

"ఇంకొన్నాళ్ళాగండి సార్. పాప మరీ చిన్నది" అన్నాను.

పాప చిన్నదన్నది నిజమే. కాని అప్పటికి ఆయన గదిలో నా బల్ల, నా కుర్చీ, నా రెండు మానిటర్లు ఉన్నాయి. కిటికీ దగ్గర రాళ్ళుండే చెక్క పలక మీద నా కాఫీ కప్పు ఉంది. ఆ ఫోన్ మాట్లాడింది కూడా ఆ గదిలోనే కూర్చుని. లావణ్యని అడగలేదు, కిషోర్‌నీ అడగలేదు. రమ్మని ఉంటే వాళ్ళు కాదనేవాళ్ళు కాదేమో. ఇది నేను ఒక్కణ్ణే చేసిన పని.

"గ్రాండ్ గ్రాండ్" అన్నాడు సారు. మళ్ళీ అడగలేదు.

జనవరిలో జబ్బుపడ్డాడు. కార్లో కుర్రాళ్ళే అంబులెన్స్ పిలిచారు. పదిహేడు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. రెండుసార్లు మెసేజ్ పెట్టాను, రెండు టిక్కులు నీలంగా మారలేదు. పోయాడని ఆ కుర్రాళ్ళలో ఒకడు ఫోన్ చేశాడు. అప్పుడు ఐదు కిలోమీటర్ల రూల్ ఉంది. అంత్యక్రియలకైతే దాటి వెళ్ళొచ్చని అందులోనే రాసి ఉంది. రూల్స్ అన్నీ నోటికొచ్చిన మాకు ఆ ఒక్కటీ గుర్తు రాలేదు. కంప్యూటర్‌లో చూశాం. శవపెట్టె, దాని పక్కన మాస్కులతో నలుగురు కుర్రాళ్ళు. ఒకడి చేతిలో ఏ పువ్వో ఉంది, తెర మీద సరిగా కనిపించలేదు.

ఆ వారమే జూమ్‌లో సంతాప సభ పెట్టారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, మా సారు కళ్ళు ఆ రోజు చాటంతయ్యాయి. అంతర్జాతీయ శాస్త్రవేత్త అన్నారు. ఐర్లండ్ తెలుగువాళ్ళకు పెద్దదిక్కు అన్నారు. ఆయన్ని ఎన్నడూ చూడనివాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడారు. కిషోర్, "మా ఇంట్లో మనిషి" అన్నాడు. నన్ను కూడా మాట్లాడమన్నారు. క్వారీ గోడ కథ చెప్పాను, అన్నం ముద్దలు చెప్పాను, మధ్యలో అందరూ నవ్వారు. మీ ఇంట్లో మనిషి కార్లోలో నలుగురి గదిలో ఎందుకున్నాడని ఎవరూ అడగలేదు. ఒక్కరు అడిగినా బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది కాని, అప్పుడు ఎవరూ అడగనందుకు గుండె కుదుటపడింది. అదీ నా సంతాపం.

సభ అయ్యాక కార్లో కుర్రాడు ఫోన్ చేశాడు.

"అన్నా, సార్ బట్టలు ఎవరికన్నా ఇచ్చేస్తాం. కొత్తగూడెంలో వాళ్ళక్క ఉందంట, అస్థికలు పంపిస్తున్నాం. రాళ్ళున్నాయన్నా ఒక ఏడు. పేపర్లో చుట్టి, ఒక్కోదాని మీద పేరు రాసి ఉంది. నువ్వొచ్చి తీసుకుంటావా?"

"బరువు కదరా" అన్నాను. "వాళ్ళక్కకి అవేం చేసుకోవాలో ఏం తెలుస్తుంది. అక్కడే ఎక్కడన్నా పెట్టెయ్."

నది ఒడ్డున పెట్టామని తర్వాత చెప్పాడు. ఆరువేల ఏళ్ళ గాజురాయి, గంధకం కంపు కొట్టే రాయి, గాడిదలు తిరిగే మెట్ల మీంచి ఏరుకొచ్చిన రాయి, అన్నీ కార్లోలో ఏటి ఒడ్డున గులకరాళ్ళలో కలిశాయి. రెండేళ్ళ తర్వాత ఆఫీసు పని మీద ఆ ఊరు వెళ్ళి ఒడ్డున కాసేపు వెతికాను. ఎవరైనా చూస్తే ఏం వెతుకుతున్నావంటారేమోనని భయపడి వచ్చేశాను.

ఇక ఆ తెల్లరాయి. మొన్న సింకులో తేలుతున్నది అదే. ఆద్యకు తెలుగు బాగా అర్థమవుతుంది, మాట్లాడేది మాత్రం ఇంగ్లీషే, అచ్చం ఇక్కడి పిల్లల యాసతో. ఇది ఎవరిచ్చారని వాళ్ళమ్మను అడిగింది.

"నువ్వు పుట్టకముందు మనింట్లో ఒక అంకుల్ ఉండేవారమ్మా. ఆయనిచ్చారు" అంది లావణ్య, పెనం మీద దోసె తిప్పుతూ.

ఆయన ఎక్కడ అంది పిల్ల.

"కార్లో అనే ఊరు వెళ్ళారు. అక్కడ వేరే జాబ్ వచ్చింది."

తడుముకోకుండా చెప్పింది. ఆమెను అనడానికేముంది, ఐదేళ్ళుగా మేం ముగ్గురం అందరికీ చెబుతున్నది అదే. చెప్పీ చెప్పీ మాకే నిజమైపోయింది. కిషోర్ బల్ల దగ్గర కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. నా ముందు దోసె ఉంది. పక్కన గిన్నెలో కేపర్ల పచ్చడి ఉంది, వాళ్ళింట్లో ఇప్పటికీ అది చేసుకుంటారు.

"జాబ్ రాలేదమ్మా ఆయనకి" అన్నాను. "మేమే ఇంట్లోంచి పంపించేశాం. వెళ్ళిపొమ్మని నేనే రాశాను. తిరిగొస్తానంటే వద్దన్నదీ నేనే."

లావణ్య చేతిలో అట్లకాడ ఆగింది. కిషోర్ తలెత్తి, పిల్ల ముందు ఎందుకురా అన్నాడు మెల్లగా. ఆద్య రాయిని రెండు చేతులతో నీళ్ళ అడుక్కి నొక్కి పట్టుకుని నన్ను చూసింది. ఇక్కడి బడిలో తప్పు చేసినవాళ్ళని క్లాసు బయటికి పంపిస్తారు, అలాంటి చెడ్డ పిల్లల్ని వీళ్ళు బోల్డ్ అంటారు.

"వాజ్ హీ బోల్డ్?" అని అడిగింది.

"లేదమ్మా" అన్నాను. "మేము."